సున్నా చూడటానికి మూడు వారాలు

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటున్నావని తెలుసు. బీఎస్సీ ఫైనలియర్ పిల్లలకి సూపర్‌కండక్టివిటీ (బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాల రెసిస్టెన్స్ పూర్తిగా సున్నా అయిపోవడం) ప్రయోగం పెడదామని ఊరికే నోరు జారాను, మా హెచ్‌ఓడీ గారు వెంటనే ఊ అన్నారు, డబ్బుల మాట మాత్రం ఎత్తలేదు. రెడీమేడ్ సెట్టు కొనే సీను లేదు కాబట్టి సర్క్యూట్ నేనే కట్టాలి. ఇంకేముంది, ఎలక్ట్రానిక్స్ సామాన్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీ చుట్టూ ప్రదక్షిణలు.

శాంపిల్ అంటే చొక్కా గుండీ అంత నల్లటి బిళ్ల, అంతే. ఇట్రియం, బేరియం, కాపర్ కలిసిన ఆక్సైడ్, 1987లో బయటపడింది. దాదాపు 92 కెల్విన్ల దగ్గర దాని రెసిస్టెన్స్ మాయమైపోతుంది, లిక్విడ్ నైట్రోజన్ మరిగేది 77 దగ్గర (అంటే మైనస్ 196 సెల్సియస్), కాబట్టి మనలాంటి వాళ్లకి అందుతుంది. 1911లో ఈ గుణం మొదట కనిపించిన పాదరసానికైతే 4.2 కెల్విన్లు, లిక్విడ్ హీలియం కావాలి, అది మా కాలేజీ వల్ల అయ్యే పనా?

బిళ్ల రెసిస్టెన్స్ మిల్లీఓమ్‌లలో ఉంటుంది, దానికంటే మన వైర్లదే ఎక్కువ. అందుకే నాలుగు వైర్లు: బయటి రెండింట్లో 100 మిల్లీఆంపుల కరెంటు, లోపలి రెండింటి నుంచి వోల్టేజీ. లోపలి వాటిలో కరెంటు దాదాపు పారదు కాబట్టి వైర్ల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. ఆ వోల్టేజీని ఏడీ620 చిప్‌తో వెయ్యి రెట్లు పెంచి మల్టీమీటర్‌లో చూస్తాం. థర్మామీటర్ అయితే మామూలు 1ఎన్4148 డయోడ్, 10 మైక్రోఆంపులు పంపిస్తే ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ దాని వోల్టేజీ దాదాపు 2 మిల్లీవోల్టులు పెరుగుతుంది. ఇంత చవకలో ఇంత మర్యాదగా పనిచేసే వస్తువు ఇంకోటి చూడలేదురా.

ఏడిపించింది మాత్రం అతుకులే. సిల్వర్ పేస్టుతో నాలుగు వైర్లు అంటించి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే ఆత్రంగా నైట్రోజన్‌లో ముంచానా, టప్పున రెండు ఊడిపోయాయి! పైన పొగలో కాసేపు వేలాడదీసి మెల్లగా దించాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత 50 హెర్ట్జ్ గోల, అంటే ఇంటి కరెంటు నుంచి వైర్లలోకి దూరే రొద: వైర్లు మెలితిప్పి, యాంప్లిఫయర్‌ని రెండు 9 వోల్టుల బ్యాటరీల మీద పెడితే తగ్గింది.

అన్నీ కుదిరాక చూస్తే, 77 దగ్గర కూడా మీటర్ 12 మిల్లీవోల్టుల దగ్గర మొండికేసింది. బిళ్ల పాడైందేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి విసుగొచ్చి కరెంటు ఆపేశాను, అయినా 12 అలాగే ఉంది! వైర్ల ఒక కొస చల్లగా, ఇంకో కొస వెచ్చగా ఉండటం వల్ల పుట్టే వోల్టేజీ, దానికి తోడు చిప్ ఆఫ్‌సెట్, అంటే లోపలికి ఏమీ ఇవ్వకపోయినా చిప్ చూపించే కాస్త వోల్టేజీ. బిళ్లకి ఏ సంబంధమూ లేదు. డీపీడీటీ స్విచ్ ఒకటి పెట్టి కరెంటు దిశ తిప్పి చూస్తే, ఇటు 12, అటు కూడా 12. బిళ్లకి రెసిస్టెన్స్ ఉంటే దిశ తిప్పినప్పుడు అంకె మారాలి. తేడా సున్నా. ల్యాబులో ఒక్కడినే కేకేశాను.

మర్నాడు ఒక కుర్రాడు, "సార్, మీటర్ సున్నా చూపించట్లేదు కదా, సున్నా అని ఎలా రాయాలి?" అన్నాడు. అరగంట బోర్డు మీద గీసి చెప్పాను. బుద్ధిగా తలూపి, రికార్డులో 12 అనే రాశాడు.

ఆదివారం ఫోన్ చేస్తాను, అమ్మని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్