యాసకూ వ్యాకరణం ఉంది

సంపాదకుడు గారికి,

'యాసకు వ్యాకరణం ఉండదు', 'లిపి లేనిది భాషే కాదు' అన్న మాటలు పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. రెండింటి మూలం ఒకటే: వ్యాకరణం పుట్టేది పుస్తకంలోనన్న నమ్మకం.

ఇంకా బడిలో చేరని పిల్లవాడి నోట 'మనుషులు' అన్న మాట వినండి. 'మనిషి'కి 'లు' చేరగానే 'షి' కాస్తా 'షు' అయింది. అంతటితో ఆగక, దాని ముందున్న 'ని' కూడా 'ను' అయింది. అదే 'మనిషికి' అన్నప్పుడు ఏదీ కదలదు. కత్తి-కత్తులు, కోతి-కోతులు కూడా ఇదే దారి. ఈ సూత్రం వాడికి ఎవరూ నేర్పలేదు, అడిగితే చెప్పనూ లేడు (పెద్దల్లోనూ చాలామంది చెప్పలేరు). పిల్లలు 'ఇళ్లు' అనాల్సిన చోట 'ఇల్లులు' అంటే నవ్వుకుంటాం. పెద్దలెవరూ అనని ఆ మాట వాళ్లకెలా వచ్చింది? విన్నదాన్ని వల్లె వేసి ఊరుకోకుండా, అందులోంచి సూత్రం లాగారు కనుక.

యాసల సంగతీ అంతే. 'చేసినాడు' అన్న పాత రూపం ఒకచోట 'చేశాడు' అయింది, మరోచోట 'చేసిండు' అయింది. రెండోది మొదటిదాన్ని చెడగొడితే వచ్చింది కాదు, రెండూ తోబుట్టువులు. అతడు చేసిండు, ఆమె చేసింది, వాళ్లు చేసిండ్రు: ఈ వరస ఆ మాట్లాడేవారి నోట తప్పదు. వీటిలో ఏది 'ప్రామాణికం' అన్నది అచ్చు, బడి, పలుకుబడి కలిసి తేల్చిన వ్యవహారం.

ఇక లిపి. రాత వయసు సుమారు 5,000 ఏళ్లు, మాట అంతకన్నా ఎంతో పాతది. టర్కీ 1928లో అరబిక్ లిపి వదిలి రోమన్ లిపికి మారింది, జనం మాట్లాడే టర్కిష్ మాత్రం అదే. సెర్బియన్‌ను ఇప్పటికీ రెండు లిపుల్లో రాస్తారు. బధిరుల సైగభాషలకైతే గొంతుతోనే పని లేదు, వ్యాకరణం మాత్రం నిండుగా ఉంది. లోకమంతా సైగభాష ఒక్కటే అనుకోవడమూ పొరపాటే. చుట్టూ ఉన్నది ఇంగ్లిషే అయినా అమెరికా సైగభాష, బ్రిటిష్ సైగభాష వేర్వేరు, ఒకటి వచ్చినవారికి రెండోది అర్థం కాదు.

మీ విలేకరులకు ఒక మనవి. 'లిపి లేని భాష' అని రాయండి, అభ్యంతరం లేదు. 'లిపి లేదు కాబట్టి భాష కాదు' అని మాత్రం రాయకండి. 'వ్యాకరణం లేని యాస' అని రాయబోయిన చోట, ఆ యాసలో ఓ పది క్రియారూపాలు అడిగి వరసగా రాసుకోండి.

- ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు