పొణికి కర్ర ఎండల్లో ఇప్పించండి

ఎన్టీఆర్ జిల్లా అటవీ అధికారి గారికి,

నమస్కారం. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, దాన్ని చెక్కే తెల్లపొణికి కర్రకే కరువు. పచ్చికర్రను సన్నసెగ మీద ఆరబెట్టాకే ఉలి పెడతారు. తడి మిగిలిందా, తర్వాత కర్ర కుంచించుకుని అతుకు విడుతుంది, రంగు పెచ్చులూడుతుంది. అంబారీ ఏనుగుకి తొండం, మావటి చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో నునుపు చేసి సున్నం పూస్తారు. అది ఆరందే కుంచె ముట్టరు.

వేరే కర్ర వాడమనడం తేలికే. టేకు బరువు, పైగా ఇంత సన్నపనికి లొంగదు.

కొండల్లో పొణికి మొక్కలు నాటించండి. ఈలోగా ఇచ్చే కర్రేదో వానల్లో కాక ఎండాకాలంలో ఇప్పించండి, ఆరబెట్టే పని సగం ఎండే చేస్తుంది.

ఇట్లు,
కొండపల్లి బొమ్మల అభిమానులు