సుత్తి మోత వినడానికి ఒకసారి తాళ్లరేవు రండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

మా నాన్న నావను ఏటా వేట నిషేధం రోజుల్లోనే ఒడ్డుకు లాగేవాళ్లం. ఇప్పుడైతే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకు వేట ఉండదు. నావలు కట్టే మేస్త్రీలకు మాత్రం అదే చేతినిండా పని దొరికే కాలం. చెక్కకీ చెక్కకీ మధ్య సందులో కుళ్లిన దూదిని గీకి తీసేసి, కొత్త దూదిని తాడులా పేని, మొద్దు ఉలి పెట్టి సుత్తితో కూరేవారు. మేస్త్రీ చెవి అంతా ఆ మోత మీదే. బోలుగా మోగినంతసేపు కొట్టిస్తూనే ఉండేవాడు. మోత గట్టిపడ్డాక "ఇక చాల్లే" అనేవాడు. ఆపైన నూనెలో కాచిన గుగ్గిలం మెత్తేవారు. ఆ మోతలో తేడా పట్టడానికి నాకు మూడు వేసవులు పట్టింది.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు సంగతి మీకు తెలియంది కాదు. అక్కడ ఓడలు కట్టారు, దెబ్బతిన్నవాటిని బాగుచేశారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలనే పేరు పడిపోయింది. 1839 తుపాను రేవును ఊడ్చేసింది గానీ పనితనం పక్కనే తాళ్లరేవులో బతికింది.

ఫైబర్ పడవలను నేను తప్పుపట్టను. తేలిక, పురుగు పట్టదు, మరమ్మతు తక్కువ. వేటకెళ్లేవాడు లెక్క చూసుకోవాలి కదా. అయితే చెక్క నావ కట్టించేవాళ్లు తగ్గేకొద్దీ మేస్త్రీల పిల్లలు తలుపులు, మంచాలు చేసే పనికి పోతున్నారు. వంపు తిరిగిన తుమ్మకొమ్మను చెట్టు మీద ఉండగానే చూసి, ఇది నావలో ఎక్కడ ఇముడుతుందో చెప్పే కన్ను ఏ ప్లానులోనూ దొరకదు.

2023లో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో పడవల తయారీ కూడా ఉంది. పనిముట్లకిచ్చే 15 వేల రూపాయలు, తక్కువ వడ్డీ అప్పు అక్కరకొచ్చేవే. కానీ అందులో పెద్ద శిక్షణ కూడా పదిహేను రోజులో, ఇంకాస్త ఎక్కువో అంతే. పదిహేను రోజుల్లో దూది కూరడమే రాదండీ.

అందుకే అడుగుతున్నాను. తాళ్లరేవులో ఏటి ఒడ్డునే ఒక పని పాక వేయించండి. పెద్ద మేస్త్రీలకు నెల జీతమిచ్చి గురువులుగా పెట్టండి. నేర్చుకునే పిల్లలకు రెండేళ్లు భృతి ఇవ్వండి. ఒక పాత నావను విప్పి బాగుచేయనివ్వండి, ఒక కొత్తది కట్టనివ్వండి. కలప అటవీశాఖ డిపో నుంచి సరసమైన ధరకు ఇప్పించండి.

2025 మేలో మన నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య అనే తెరచాప ఓడను అజంతా గుహల్లోని చిత్రం ఆధారంగా, చెక్కలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టారు. ఆ కుట్టుపని తెలిసిన చేతులు కేరళలో ఇంకా మిగిలి ఉండబట్టే అది కుదిరింది. మా దగ్గరా మా నావపని తెలిసిన చేతులున్నాయి, కాకపోతే అన్నీ వయసు మళ్లినవి.

వచ్చే నిషేధం రోజుల్లో ఒక పొద్దున్న రండి. మేస్త్రీ పక్కన కూర్చుని ఆ మోత వినండి, పాక ఎక్కడ వేయాలో ఆయననే అడగండి.

ఇట్లు,
ఒక మత్స్యకారుడి కొడుకు