ఆ వంద గజాలు కొలిపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొన్న మా బడికి వచ్చిన పళ్ల డాక్టరు గారు తొమ్మిదో తరగతి పిల్లలను వరసగా నిలబెట్టి, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమన్నారు. ఒక అబ్బాయికి రెండే పట్టాయి. గుట్కాలోని వక్క బుగ్గల లోపలి పొరను అలా బిగించేస్తుందట. ఎప్పటి నుంచి నాయనా అని అడిగితే, ఆరో తరగతి నుంచి అని తల దించుకున్నాడు. కారం తగిలితే మంటపుట్టి మధ్యాహ్న భోజనం వదిలేస్తుంటే, అన్నం సయించడం లేదేమో అనుకున్నాను. మూడేళ్లు నా కళ్ల ముందే కూర్చున్నాడు. గుర్తించలేకపోయాను.

ఎక్కడ కొన్నావంటే గేటు ఎదుటి బడ్డీ కొట్టు వైపు చూశాడు.

కేంద్రం మార్గదర్శకాల ప్రకారం, పొగాకు అమ్మకూడని హద్దుగా రోడ్డు మీద పసుపు గీత గీయించింది మేమే. కొట్టు ఆ గీతకు లోపలే ఉంది. బడి ప్రహరీ నుంచి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతుంది. తప్పితే జరిమానా 200 రూపాయలకు మించదు. పండగ రోజు బేరంలో అది ఎంత? పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష వరకు జరిమానా అని 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ అంటుంది. మా మండలంలో ఆ సెక్షన్ కింద కేసు పెట్టగా నేను చూడలేదు.

ఇది ఒక్క బడి గొడవ కాదు. 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నారని 2019 జాతీయ సర్వే తేల్చింది. బీడీ రుచి చూసిన పిల్లల్లో దాదాపు సగం మందికి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

పొగాకు రైతు మీద నాకు కోపం లేదు. మాది ప్రకాశం జిల్లా. వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడైతేనే మా పిల్లల ఇళ్లలో అప్పులు తీరతాయి. కానీ ఆ రైతు బిడ్డకే సిగరెట్టు విడిగా, ఒక్కొక్కటిగా అమ్ముతున్నారు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటుంది, విడి సిగరెట్టు మీద ఏముంటుంది? విడి అమ్మకాలను కర్ణాటక నిషేధించింది. మంత్రివర్గంలో మీరు ఆ మాట ఎత్తండి.

వచ్చే విద్యా సంవత్సరానికి బడులు తెరిచేలోపు ప్రతి ఉన్నత పాఠశాల చుట్టూ రెవెన్యూ, పోలీసు సిబ్బందితో వంద గజాలు కొలిపించండి. గీత లోపల కొట్టు మిగిలితే ఎవరు జవాబుదారో ఉత్తర్వులో రాయండి. హెడ్మాస్టర్లు ఒంటరిగా వెళ్లి అడిగితే ఊళ్లో తగవు తప్ప ఫలితం ఉండదు. దొరికిన పిల్లలకు మాత్రం టీసీ ఇచ్చి పంపవద్దని గట్టిగా చెప్పండి. వాళ్లకు కావలసింది వైద్యం. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరును ప్రతి తరగతి గోడ మీద రాయించండి.

సోమవారం ఆ అబ్బాయిని, వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్తున్నాను. బస్సు ఎక్కాలంటే ఆ కొట్టు ముందు నుంచే నడవాలి.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా