2025–26 వార్షిక నివేదిక: మన కరెంటు లైన్ల రక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా కరెంటు మీదే సాగింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలోనే, లైన్లు దెబ్బతినకుండా ముందే చేయాల్సిన పనులను ప్రభుత్వ ప్రణాళికలో రాయించుకోవాలని తీర్మానించాం.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. అందులో మన ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి మనకు కరెంటు తెచ్చే లైను) వివరాలూ చేర్చమని వినతిపత్రం ఇచ్చాం. మంచినీళ్ల మోటారు, ఆరోగ్య కేంద్రం ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్నాయి, వరదకు ఏ ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మునుగుతుంది, లైనును ఆపే ఏబీ స్విచ్ ఎక్కడుంది అన్నీ గీసి ఇచ్చాం. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అలాంటప్పుడు మునిగే లంకలకు కరెంటు ఆపక తప్పదు. ఆ సంగతి కాస్త ముందుగా చెబితే ట్యాంకులు నింపుకుంటాం, చెరువుల రైతులు నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు జనరేటరు సిద్ధం చేసుకుంటారు. ఈ ముందస్తు కబురే మా మొదటి కోరిక.

కొబ్బరితోటల విషయం తెమలడానికే చాలా సమయం పట్టింది. ఎండుమట్ట ఒక్కటి 11 కేవీ తీగల మీద పడితే చాలు, ఫీడరు ట్రిప్ అవుతుంది, అంటే లైనంతా కరెంటు ఆగిపోతుంది. దింపు కార్మికులతో మాట్లాడి, లైను పక్క చెట్ల మట్టలు వానలకు ముందే తీయించాం. లైను ఆపించి, లైన్‌మన్ చెట్టు కింద నిలబడ్డాకే వాళ్లు ఎక్కారు. చెట్టే కొట్టేయాలంటే మాత్రం రైతు గుండె ఒప్పుకోదు. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షను ప్రకారం, లైనుకు అడ్డొచ్చే చెట్టును తీయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. లైను వేయకముందు నుంచీ ఉన్న చెట్టయితే పరిహారం ఇప్పించాల్సిందీ ఆయనే. ఈ రెండో మాట మన రైతుల్లో చాలామందికి తెలియదు. అందుకే కరపత్రం వేసి ఇంటింటికీ పంచాం.

ఉప్పుగాలి నష్టం కంటికి ఆనదు. మార్చేసిన ఒక ఇన్సులేటరును (కరెంటు స్తంభానికి పాకకుండా తీగను పట్టి ఉంచేది) సమావేశంలో చూపించాం. గోటితో గీకితే తెల్లటి పొర పెచ్చులుగా రాలింది. మంచు పడే తెల్లవారుజామున ఆ పొర తడిసి, దాని మీదుగా కరెంటు పాకి చిటపటలాడుతుంది. సముద్రం వైపు లైన్లలో వీటిని ఏటా కడగడమో మార్చడమో చేయాలని అడిగాం.

2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. మనకు ఊరంతా అలా కావాలని పట్టుబట్టడం లేదు. తోటల మధ్యనైనా తొడుగున్న తీగలు, మెత్తటి నేలలో లోతుగా కాంక్రీటు పోసిన స్తంభాలు కావాలి. ఇది న్యాయమైన కోరిక, వదలం.

సైబరు దాడుల సంగతి మనకెందుకని కొందరన్నారు. దక్షిణాది గ్రిడ్ (రాష్ట్రాలను కలిపే కరెంటు లైన్ల వల) 2013 డిసెంబరు 31న దేశ గ్రిడ్‌తో కలిసింది. ఎక్కడో తగిలిన దెబ్బ ఇక్కడిదాకా రావచ్చు. విద్యుత్ సంస్థల కోసం కేంద్రం 2021లోనే సైబరు భద్రత మార్గదర్శకాలు తెచ్చింది. మనం చేయాల్సింది చిన్నదే: "ఈ రాత్రికి కనెక్షన్ కట్" అని మెసేజ్ వస్తే లింకు నొక్కకండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

లైను పక్క తోటలున్నవారు సర్వే నంబరు, చెట్ల వివరాలు మే నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి. వరదలకు ముందే ఆ జాబితాను కలెక్టరేటులో అందజేస్తాం.