‘ఫోరమ్’కు ఫోన్ చేసే ముందు

అందరికీ నమస్కారం. శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ రేడియో కేక్యూఈడీ 88.5 ఎఫ్ఎంలో ‘ఫోరమ్’ చర్చ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 నుంచి 11 వరకు వస్తుంది. బే ఏరియాలో ఉంటూ అందులో మాట్లాడాలనుకునే వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ఆ గంట చర్చ మొదలైన పది నిమిషాల్లోపే ఫోన్ చేయండి. ఆలస్యమైతే లైన్ దొరికినా మీ వంతు వచ్చేలోపు సమయం అయిపోతుంది. ముందు ఫోన్ ఎత్తేది హోస్ట్ కాదు, కార్యక్రమ సిబ్బంది. పేరు, ఊరు, చెప్పబోయే విషయం అడుగుతారు. అక్కడ ఒక్క వాక్యంలో తేల్చి చెప్పాలి. “చాలా ఉన్నాయండీ” అంటే పక్కన పెట్టేస్తారు.

లైన్‌లో ఉండగా రేడియో, యాప్ రెండూ కట్టేయండి. యాప్‌లో వచ్చే మాట అసలు ప్రసారం కంటే వెనకుంటుంది. మన గొంతే మనకు ఆలస్యంగా వినిపిస్తే నోరు తడబడుతుంది. ఫోన్‌లోనే చర్చ వినిపిస్తుంది కాబట్టి రేడియోతో పనిలేదు. స్పీకర్‌ఫోన్, కారు బ్లూటూత్ అసలు వద్దు.

దొరికేది అరనిమిషమే అనుకుని సిద్ధపడండి. తేదీలు కాగితం మీద రాసుకోండి, అక్కడ తప్పు దొర్లితే మిగతా మాటకూ విలువ పోతుంది. కులవివక్ష చర్చలో, దాన్ని నిషేధించాలన్న కాలిఫోర్నియా బిల్లు ఎస్‌బీ 403 ‘పాసైంది’ అని ఆపకండి. 2023లో ఉభయ సభలూ ఆమోదించాక అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. పౌరసత్వం గురించైతే భారతీయులకు అమెరికా పౌరసత్వం కుదరదన్న 1923 నాటి థిండ్ తీర్పుతో (అమెరికా సుప్రీంకోర్టుది) పాటు, ఆ దారి తెరిచిన 1946 లూస్-సెల్లర్ చట్టం కూడా చెప్పాలి.

మీ మాట అవగానే లైన్ తీసేయవచ్చు, నొచ్చుకోకండి. జవాబు రేడియోలో వినండి.