ఎల్క్ వేట: వచ్చే ఐదేళ్ళ లెక్క

అన్నలూ, తమ్ముళ్ళూ, కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక) వేట పర్మిట్ల లాటరీకి, అదే డ్రాకి, ఏప్రిల్ మొదటి మంగళవారం గడువు. ఈసారి ఆఖరి రోజు టెన్షన్ వద్దు, ముందే కూర్చుని ఐదేళ్ళకి ప్లాన్ వేసుకుందాం.

యూనిట్ 201 అనే వేట ప్రాంతం మీద ఆశ వదిలేయండి. అక్కడ మగ ఎల్క్ ట్యాగ్‌కి (ఒక జంతువుని వేటాడే పర్మిట్‌కి) 20కి పైగా పాయింట్లు, అంటే డ్రాలో మనల్ని ముందుకు జరిపే ప్రిఫరెన్స్ పాయింట్లు, కావాలి. మనం ఏడాదికొకటి కూడబెడుతుంటే ఆ గీత కూడా పైకి జరుగుతోంది. నా మాట వింటే మొదటి ఛాయిస్‌లో ట్యాగ్ బదులు పాయింట్ మాత్రమే అడిగే కోడ్ పెట్టి, రెండో ఛాయిస్‌లో ఆడ ఎల్క్ అడగండి. ఇప్పటి రూల్ ప్రకారం రెండోది తగిలినా పాయింట్లు ఖర్చవవు. ఏటా అడవికి వెళ్తాం, పాయింట్లూ పెరుగుతాయి.

నాలుగైదు పాయింట్లు చేరాక అందరం కలిసి గ్రూపుగా అప్లై చేద్దాం. ఒక్కటి గుర్తుంచుకోండి, కొలరాడోలో గ్రూపులో అందరికన్నా తక్కువ పాయింట్లున్నవాళ్ళ లెక్కే అందరికీ పడుతుంది. వయోమింగ్‌లో అయితే సగటు తీస్తారు. అందుకే కొత్త తమ్ముళ్ళు ఈ ఏడాదే మొదలుపెట్టాలి, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట భద్రత కోర్సు చేసినట్టు ఇచ్చే కార్డు) లేనివాళ్ళు ముందు అది తీసుకోవాలి. న్యూ మెక్సికోలో పాయింట్లే లేవు, అంతా అదృష్టం. మార్చిలో అక్కడా ఓ ప్రయత్నం చేద్దాం.

పోయిన అక్టోబరులో కొట్టిన ఎల్క్ వెనక తొడ ఒక్కటి వీపున వేసుకుని రెండు మైళ్ళు దిగేసరికి నా మోకాళ్ళు వణికిపోయాయి. గుడ్డ సంచిలోంచి నెత్తురు కారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మాంసం పాడవకుండా మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు ఐస్‌లో పెట్టాలని పరుగులు. ఇంకెప్పుడూ ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు, కనీసం ముగ్గురుండాలి.

ఎవరి పాయింట్లు ఎన్నో ఆదివారంలోగా ఇక్కడ పెట్టండి.